ఆరు పెన్నీల విలుకాడు

చీకటి పడుతుండగానే వాన పట్టుకుంది. 1415 అక్టోబరు 24, గురువారం. ఉత్తర ఫ్రాన్సులో మేజొన్‌సెల్ అనే చిన్న పల్లె. ఇంగ్లండు దండు ఆ పల్లె తోటల్లో, పెరళ్లలో, చెట్ల మొదళ్లలో తలదాచుకుంది. గోడా కప్పూ దొరికింది రాజుకీ, కొద్దిమంది ప్రభువులకీ. మిగతా వేల మందికి తడి నేలే పక్క. ఆ చీకట్లో రాజు అయిదో హెన్రీ ఆజ్ఞ ఒకటి చెవి నుంచి చెవికి చేరింది: తెల్లవారేదాకా ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. చేసినవాడు పెద్దింటివాడైతే గుర్రాన్నీ కవచాన్నీ పోగొట్టుకుంటాడు. మామూలు బంటు అయితే కుడి చెవి పోగొట్టుకుంటాడు.

కాస్త దూరంలోనే ఫ్రెంచి దండు మంటలు. అక్కడ ఆజ్ఞలూ లేవు, భయమూ లేదు. ఒకరినొకరు పేరు పెట్టి కేకలేసుకుంటున్నారు. పక్క వేసుకోవడానికి గడ్డి తెమ్మని ఊళ్లమీదికి మనుషుల్ని తరుముతున్నారు. గుర్రాలు చలికి బిగుసుకుపోకుండా పనివాళ్లు వాటిని దున్నిన చేలో రాత్రంతా అటూ ఇటూ నడిపిస్తూనే ఉన్నారు. అప్పుడే గోధుమ చల్లిన చేను అది. వానకు నానిన దుక్కిని డెక్కలు తొక్కి తొక్కి పిసికి పెట్టాయి. మర్నాడు ఇనుప కవచాలు మోసుకుంటూ ఆ చేలోనే నడవాలని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు.

ఇంగ్లండు వైపు నిశ్శబ్దం చూసి, వీళ్లు రాత్రికి రాత్రే జారుకుంటారని ఫ్రెంచివాళ్లు అనుకున్నారట. ఈ సంగతి రాసిపెట్టింది హెన్రీ కొలువులో ఉన్న ఒక మతగురువు. తన పేరు మాత్రం ఆయన ఎక్కడా రాసుకోలేదు. ఆ రాత్రి బతుకు మీద ఆశ వదులుకున్న వాళ్లంతా పాపాలు చెప్పుకోవడానికి గురువుల కోసం వెతుక్కున్నారనీ, మిగతా అన్నిటికన్నా గురువులకే కొరత వచ్చిందనీ ఆయన రాశాడు.

ఆ వెతుక్కున్న వాళ్లలో చాలామంది విలుకాండ్రు. గురువుగారి లెక్క ప్రకారం కవచం తొడిగిన యోధులు 900 మంది, విలుకాండ్రు 5,000 మంది. ఇప్పటి చరిత్రకారుల్లో కొందరు మొత్తం దండును తొమ్మిది వేల దగ్గరికి తీసుకెళ్తారు. ఎవరి లెక్క తీసుకున్నా దండు అంటే విలుకాడే. అతని జీతం రోజుకు ఆరు పెన్నీలు. కవచం తొడిగినవాడికి పన్నెండు.

ఇంటి నుంచి బయలుదేరినప్పుడు వీళ్లు ఇలా లేరు. ఆగస్టు 11న నౌకలు ఇంగ్లండు తీరం వదిలాయి. సీన్ నది సముద్రంలో కలిసే చోట హార్‌ఫ్లూర్ అనే కోటరేవును ముట్టడించారు. వారం పది రోజుల్లో తేలుతుందనుకున్నది సెప్టెంబరు 22 దాకా సాగింది. చుట్టూ బురద నేలలు, ఎండ, చెడిన నీళ్లు. జిగట విరేచనాలు పట్టుకున్నాయి. కోట గోడల మీంచి వచ్చిన రాళ్లకన్నా ఆ రోగమే ఎక్కువ మందిని తిన్నది. బిషప్పు పోయాడు, ప్రభువు పోయాడు, లెక్కలో పేరుకూడా సరిగా లేని బంట్లు పోయారు. వందల మందిని నౌకల్లో వెనక్కి పంపేశారు. మిగిలినవాళ్లతో హెన్రీ అక్టోబరు 8 ప్రాంతంలో కలే రేవుకు నడక మొదలుపెట్టాడు. కలే అప్పటికి ఇంగ్లండు చేతిలో ఉంది. ఎనిమిది రోజులకు సరిపడా తిండి కట్టుకోమన్నాడు.

ఎనిమిది రోజుల దారి పదిహేడు రోజులకు పైగా పట్టింది. సోమ్ నది దాటాల్సిన రేవు దగ్గర ఫ్రెంచివాళ్లు కాపు కాశారని తెలిసి, దండు నది వెంట పైకి, అంటే ఇంటికి వ్యతిరేక దిశలో, రోజుల తరబడి నడిచింది. తిండి అయిపోయింది. ఎండుమాంసం, అడవి కాయలు, నీళ్లు. బోవ్ అనే ఊళ్లో ద్రాక్షసారా పీపాలు కనబడితే జనం ఎగబడ్డారు. సీసాల్లో నింపుకుంటున్నారంతే కదా ప్రభూ అని ఎవరో సర్దిచెప్పబోతే, సీసాల సంగతి సరే, వీళ్లు పొట్టల్నే సీసాలు చేసుకుంటున్నారు కదా అని హెన్రీ ఆపించాడట. కోర్బీ దగ్గర ఒక బంటు చర్చిలో పవిత్ర ప్రసాదం దాచే పాత్ర దొంగిలించాడు. బంగారు పూత పూసిన రాగి పాత్ర అది. అతగాడు మేలిమి బంగారమే అనుకున్నట్టుంది. దండు అంతా చూస్తుండగా చెట్టుకు ఉరి తీశారు.

ఆ నడకలోనే ఇంకో ఆజ్ఞ. ప్రతి విలుకాడూ ఆరడుగుల కొయ్య ఒకటి నరుక్కుని, రెండు కొసలూ చెక్కి, మోసుకు నడవాలి. ఫ్రెంచి రౌతులు విలుకాండ్ర మీదికి గుర్రాలు తోలబోతున్నారని వేగు అందింది. ఖాళీ కడుపు, పాడైన కడుపు, చేతిలో విల్లు, భుజాన కొయ్య. అక్టోబరు 19న ఎట్టకేలకు సోమ్ దాటారు. అయిదు రోజుల తర్వాత ఒక మిట్ట ఎక్కి చూస్తే ముందున్న మైదానం నిండా ఫ్రెంచి దండు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మధ్యయుగపు యుద్ధాల నవలలంటే నాకు పిచ్చి. ముఖ్యంగా విలుకాడు నాయకుడుగా ఉండేవి. మన అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ చదివి పెరిగినవాళ్లకు చారిత్రక నవల అంటే మెరుపులాంటి గుర్రం మీద మెరుపులాంటి వీరుడు. అది వేరే ఆనందం. బెర్నార్డ్ కార్న్‌వెల్ 2008లో రాసిన ‘అజింకూర్’ తెరిస్తే నాయకుడు నిక్ హుక్ అనే అడవి కాపలావాడు. ఊళ్లో పాత కక్షలున్నవాడు, చట్టం కళ్లుగప్పి బతికేవాడు, విల్లు తప్ప ఇంకేదీ చేతకానివాడు. 1414లో ఫ్రెంచి రాజు సేన స్వాసాన్ పట్టణాన్ని దోచి చంపిన ఘోరంలోంచి బతికి బయటపడతాడు. ఆ పట్టణపు దేవుళ్లు క్రిస్పిన్, క్రిస్పినియన్ అనే సాధువులు. సరిగ్గా వాళ్ల పండుగ రోజునే, అక్టోబరు 25న, అజింకూర్ యుద్ధం జరిగింది. చరిత్ర ఇచ్చిన ఈ కాకతాళీయాన్ని నవలాకారుడు వదలలేదు. సాధువు గొంతు హుక్ చెవిలో వినిపిస్తుంటుంది. నాకు ఆ గొంతు అంతగా రుచించలేదు. బురద మాత్రం రుచించింది.

ఆయనకు ముందు ఈ దారి తొక్కింది ఆర్థర్ కానన్ డాయిల్. అవును, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్తే. 1891లో వచ్చిన ఆయన ‘ది వైట్ కంపెనీ’లో సామ్‌కిన్ ఐల్వార్డ్ అనే విలుకాడు ఉంటాడు. నవ్వు, పాట, తాగుడు, గురి. హోమ్స్ కథలకన్నా ఈ చారిత్రక నవలలే తన గొప్ప పని అని డాయిల్ చివరిదాకా నమ్మాడు. లోకం నమ్మలేదు. నా ఓటు సగమే డాయిల్‌కు. ఆయన విలుకాండ్రు మరీ శుభ్రంగా ఉంటారు. జిగట విరేచనాలు పట్టిన ఐల్వార్డ్‌ను ఊహించలేం.

ఎందుకు ఈ నవలలు కావలసి వచ్చాయి? ఆ రోజు అజింకూర్‌లో ఏం జరిగిందో కళ్లారా చూసి రాసినవాళ్లు ఉన్నారు. మన మతగురువు ఒకడు. ఆయన గుర్రం మీద కూర్చుని, సామాను బళ్ల దగ్గర, ప్రార్థన చేస్తూ చూశాడు. జాన్ లె ఫెవ్ర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇంగ్లండు వైపు ఉన్నాడు. జాన్ ద వావ్రాన్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఫ్రెంచి వైపు ఉన్నాడు. తండ్రీ, సవతి అన్నా ఆ రోజే అతని కళ్లెదుట పోయారు. గిల్బెర్ ద లానోయ్ అనే యోధుడు పట్టుబడి, బతికి, రాశాడు. నలుగురు సాక్షులు. నలుగురిలో ఒక్కడూ విల్లు పట్టుకుని వరసలో నిలబడినవాడు కాదు. విలుకాండ్ర నుంచి మనకు మిగిలినవి హాజరు పట్టీల్లో పేర్లు, పేర్ల పక్కన జీతం లెక్కలు. తోలు చుట్టల మీద గుమాస్తాలు రాసిన ఆ పట్టీలు లండన్‌లోని జాతీయ పత్రాగారంలో ఇప్పటికీ ఉన్నాయి.

షేక్‌స్పియర్ అయినా వాళ్లను తలచాడా అంటే, అదీ లేదు. యుద్ధానికి ముందురోజు సర్ వాల్టర్ హంగర్‌ఫర్డ్ రాజుతో, ఇంగ్లండులోని మేటి విలుకాండ్రు ఇంకో పదివేల మంది మనతో ఉంటే ఎంత బాగుండేది అన్నాడనీ, ఉన్నవాళ్లు దేవుడిచ్చిన జనం, ఇంకొకడు అక్కర్లేదని హెన్రీ మందలించాడనీ మతగురువు రాశాడు. 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ అదే ఘట్టాన్ని రంగస్థలం ఎక్కించాడు. హంగర్‌ఫర్డ్ నోటి మాట వేరే ప్రభువుకు ఇచ్చాడు. పదివేల మంది పదివేల మందిగానే ఉన్నారు. వాళ్ల చేతుల్లోంచి విల్లు మాత్రం మాయమైంది. ఆ నాటకం మొత్తంలో అజింకూర్ యుద్ధాన్ని విలుకాండ్రు గెలిపించారన్న సంగతే కనబడదు. 1944లో లారెన్స్ ఒలివియే సినిమా తీసినప్పుడు గాని ఆ అమ్ములు మళ్లీ ఆకాశంలోకి లేవలేదు.

ఇక తెల్లవారింది. శుక్రవారం.

అటు అజింకూర్ అడవి, ఇటు ట్రామ్‌కూర్ అడవి. రెంటి మధ్య కిలోమీటరు కన్నా తక్కువ వెడల్పున్న చేను. ఇంగ్లండు యోధులు నడుమ, విలుకాండ్రు రెండు పక్కలా. ఎదురుగా ఫ్రెంచి ప్రభువుల వరసలు. వాళ్ల దగ్గరా విలుకాండ్రు ఉన్నారు, యంత్రపు విల్లు పట్టేవాళ్లూ ఉన్నారు. కాని ముందు వరసలో నిలబడే గౌరవం కోసం ప్రభువులు తోసుకోవడంతో వాళ్లకు చోటే మిగల్లేదు. వెనక్కి నెట్టేశారు. ఆ రోజు ఫ్రెంచివాళ్లు చేసిన తప్పుల్లో నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే అనిపిస్తుంది. బురద దేవుడి పని. ఇది చేతులారా చేసుకున్నది.

లె ఫెవ్ర్, వావ్రాన్ ఇద్దరూ విలుకాండ్ర వాలకం రాశారు. చాలామందికి కవచం లేదు. ఒంటి మీద చొక్కా, మోకాళ్ల కిందికి జారిన కాలితొడుగులు, నడుముకు గొడ్డలో కత్తో. కొందరికి కాళ్లకు ఏమీ లేవు. కొందరికి తలమీద టోపీ కూడా లేదు. ఉన్నవాళ్లది ఉడికించిన తోలు టోపీ, లేకపోతే ఇనుప పట్టీలు వేసిన తీగబుట్టలాంటి టోపీ. హెన్రీ వరసల ముందు గుర్రం నడిపిస్తూ, మీలో ఎవడు దొరికితే వాడి కుడిచేతి మూడు వేళ్లు నరుకుతామని ఫ్రెంచివాళ్లు గొప్పలు పోతున్నారని చెప్పాడట. ఏకలవ్యుడి కథ విన్న మనకు ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. నిజంగా ఫ్రెంచివాళ్లు అన్నారో, హెన్రీయే అల్లాడో గాని, విలుకాడికి రోషం ఎక్కడ పుడుతుందో ఆ రాజుకు తెలుసు. అమ్ము దెబ్బ ఏమిటో ఒంటికే తెలుసు మరి. పదహారేళ్ల వయసులో, 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో ఒక అమ్ము అతని ముఖంలో దిగి మొన లోపలే ఉండిపోయింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే శస్త్రవైద్యుడు ప్రత్యేకంగా పట్టకారు చేయించి, గాయాన్ని రోజుల తరబడి మెల్లగా వెడల్పు చేసి, మొనను బయటికి లాగాడు.

రెండు దండ్లూ గంటల తరబడి అలాగే నిలబడ్డాయి. ఫ్రెంచివాళ్లకు తొందర లేదు. ఆకలి వాళ్లది కాదు. చివరికి హెన్రీయే కదిలాడు. పాతిన కొయ్యల్ని విలుకాండ్రు ఊడబెరికారు. బురదలో కాళ్లీడ్చుకుంటూ ముందుకు నడిచారు. అమ్ము అందేంత దూరంలో ఆగి, శత్రువుకు వీపు చూపించి, గూటాలతో కొయ్యల్ని మళ్లీ నేలలో దిగ్గొట్టారు. ఫ్రెంచి రౌతులు ఆ కాసేపట్లో దూకి ఉంటే కథ వేరుగా ఉండేది. వాళ్లు చలి కాచుకుంటున్నారు, గుర్రాలకు మేత పెడుతున్నారు, చాలామంది తమ చోట్లలోనే లేరు.

అరవైకి దగ్గరపడుతున్న సర్ థామస్ ఎర్పింగ్‌హామ్ ముందుకు వచ్చాడు. చేతి కర్రను గాల్లోకి విసిరాడు. ఏదో అరిచాడు. వేల అల్లెతాళ్లు ఒక్కసారి మోగాయి.

ఆ మోత వెనక ఎంత బలం ఉందో మనకు తెలిసింది మొన్న మొన్ననే. పోర్ట్స్‌మత్ దగ్గర 1545లో మునిగిన ‘మేరీ రోజ్’ అనే యుద్ధనౌకను 1982 అక్టోబరు 11న సముద్రంలోంచి పైకి లేపారు. అందులో నూట ముప్పైకి పైగా చెక్కుచెదరని విల్లులు, వేల అమ్ములు దొరికాయి. అజింకూర్‌కు నూట ముప్పై ఏళ్ల తర్వాతివి అయినా, ఆ జాతివే. మనిషి ఎత్తును మించిన యూ చెట్టు కర్రలు. యూ కర్రలో చేవకూ పొరకూ వేర్వేరు గుణాలు. పైపొర సాగుతుంది, లోపలి చేవ నొక్కుడు తట్టుకుంటుంది. రెండూ ఒకే దుంగలో అతికించినట్టు పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి విల్లు చెక్కేవాడు పైపొర బయటికి, చేవ లోపలికి వచ్చేట్టు చెక్కితే చాలు. వాటిని లాగాలంటే 45 కిలోల నుంచి 80 కిలోల దాకా బలం కావాలని లెక్క తేల్చారు. ఇప్పటి ఒలింపిక్స్ విల్లు లాగుడు సాధారణంగా పాతిక కిలోలలోపే.

ఆ విల్లుల్ని పరిశీలించిన వాళ్లలో రాబర్ట్ హార్డీ ఒకరు. వృత్తి నటన. హ్యారీ పాటర్ సినిమాల్లో మంత్రి కార్నీలియస్ ఫడ్జ్‌గా మన పిల్లలకూ తెలిసిన ముఖమే. 1960లో బీబీసీ టీవీలో షేక్‌స్పియర్ రాజుల నాటకాలు వరసగా వేసినప్పుడు అయిదో హెన్రీ వేషం ఆయనదే. విలుకాండ్రు లేని నాటకంలో రాజు వేషం కట్టినవాడు తర్వాత జీవితమంతా విల్లు వెంటే పడ్డాడు. 1976లో ఇంగ్లండు పొడవాటి విల్లు మీద ఆయన రాసిన పుస్తకం ఈనాటికీ ఆ విషయంలో పెద్ద బాలశిక్ష. నవలలు రాసేవాళ్లంతా దాన్ని తిరగేసినవాళ్లే అనిపిస్తుంది చదువుతుంటే.

అలాంటి విల్లు ఎక్కుపెట్టడం పెద్దయ్యాక నేర్చుకుంటే వచ్చేది కాదు. చిన్నతనంలో వయసుకు తగ్గ విల్లు, ఏడాదికేడాది ఇంకొంచెం బలమైనది. తండ్రి తనకు అలాగే నేర్పాడనీ, చేతి బలంతో కాదు ఒంటి బరువంతా వింట్లో పెట్టి లాగమన్నాడనీ బిషప్ లాటిమర్ 1549లో రాజు ముందు ఉపన్యాసంలో చెప్పుకున్నాడు. 1363లో మూడో ఎడ్వర్డ్ ఆదివారాలూ పండుగ పూటా విల్లు సాధన చెయ్యాల్సిందేనని, బంతాటలు మానాలని శాసనం చేశాడు. బంతాట మీద జనానికి ఎంత మోజు ఉంటే శాసనం కావలసి వచ్చిందో! మేరీ రోజ్‌లో దొరికిన కొన్ని అస్థిపంజరాల భుజపు ఎముకలు పూర్తిగా అతుక్కోకుండానే ఉండిపోయాయి. ఎదిగే వయసులో మొదలైన ఆ లాగుడే దానికి కారణం కావచ్చని ఎముకల్ని పరీక్షించినవాళ్లు అన్నారు. కార్న్‌వెల్ విలుకాడికి వెడల్పాటి వీపు, మొద్దుబారిన వేళ్లు, ఒక పక్కకు ఎక్కువ పెరిగిన కండ ఉంటాయి. ఆ వర్ణన చదివి కవి సమయం అనుకున్నవాడికి ఆ ఎముకలు చూపించాలి.

ఒక చోట మాత్రం నవలలు చెయ్యి కాస్త ఎక్కువే లాగుతాయి. అమ్ములు ఉక్కు కవచాల్ని దూదిలా తూట్లు పొడుస్తాయి వాటిలో. ఇటీవల అప్పటి పద్ధతిలో తయారుచేసిన కవచం మీద 70 కిలోలకు పైగా లాగుడున్న వింటితో కొట్టి చూశారు. ఛాతీ పలక తొణకలేదు. మొనలు విరిగి చిందాయి. మరి ఎలా గెలిచారు? గుర్రాలకు ఒంటి నిండా కవచం లేదు. మనిషికి కళ్ల దగ్గర, చంకల్లో, చేతుల మీద, తొడల వెనక సందులున్నాయి.

మొదటి అమ్ముల వాన పడగానే ఫ్రెంచి రౌతులు రెండు పక్కల నుంచీ దూకారు. ఉండాల్సిన సంఖ్యలో సగమూ లేరు. గిలోమ్ ద సవూజ్ అనేవాడు అందరికన్నా ముందు దూసుకొచ్చి, గుర్రం కొయ్యకు తగిలి కూలగా, విలుకాండ్ర కాళ్ల ముందు పడి ప్రాణం వదిలాడు. అమ్ములు తగిలిన గుర్రాలు వెనక్కి తిరిగాయి. అప్పుడే నడిచి వస్తున్న సొంత దండు మీదికే పరిగెత్తాయి.

ఆ నడిచి వచ్చేవాళ్లు ఫ్రాన్సులోని పెద్ద కుటుంబాలవాళ్లు. సేనాధిపతి షార్ల్ దల్బ్రే, మార్షల్ బూసికో ముందు వరసలో ఉన్నారు. శిరస్త్రాణపు ముసుగు దించుకుంటే గాలి ఆడదు. ఎత్తితే కంట్లో అమ్ము. తల వంచుకుని, సందుల్లోంచి నేల చూసుకుంటూ, పిక్కల దాకా దిగబడే బురదలో అడుగులు. అమ్ముల దెబ్బకు పక్కలవాళ్లు నడుమకు ఒదిగారు. చేను కూడా ముందుకు పోయేకొద్దీ ఇరుకే. ఇంగ్లండు వరసకు తగిలేసరికి చెయ్యెత్తి కత్తి ఆడించే చోటు లేదు. వెనకవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. నెడుతూనే ఉన్నారు. పడ్డవాడి మీద ఇంకొకడు పడ్డాడు. ఒంటి మీద గాయం లేకుండా ఊపిరాడకే పోయినవాళ్లు ఎందరో. ఇంగ్లండు వైపు యార్క్ డ్యూక్ కూడా ఆ రద్దీలోనే పోయాడు.

అమ్ములు అయిపోయాయి. అప్పుడు విలుకాండ్రు వింటిని పక్కన పడేసి, కొయ్యలు పాతిన గూటాలూ, గొడ్డళ్లూ, కత్తులూ పట్టుకుని కొయ్యల మధ్య నుంచి బయటికి దూకారు. కవచం లేకపోవడమే వాళ్లకు వరమైంది. వట్టి కాళ్లకు బురద అడ్డం కాదు. రాత్రి కుడి చెవి గురించి భయపడ్డ కూలి బంటు మధ్యాహ్నానికి డ్యూకు ముసుగు సందులో కత్తి దూరుస్తున్నాడు. అలంసాన్ డ్యూక్, బార్ డ్యూక్, దల్బ్రే, ఒకరి తర్వాత ఒకరు. విలుకాడి నవల చదివేవాడికి ఇక్కడ ఊపిరి ఆగుతుంది. నాకైతే సంతోషమూ సిగ్గూ కలిసే వస్తాయి.

తర్వాత జరిగినదానికి సంతోషం లేదు. వందల మంది ప్రభువుల్ని బందీలుగా పట్టుకుని వెనక్కి పంపారు. బందీ అంటే విడుదల సొమ్ము. విలుకాడు పట్టిన బందీ విలువలో మూడో వంతు నాయకుడికి పోగా మిగతాది అతనిదే. రోజుకు ఆరు పెన్నీల మనిషికి అది తరతరాల అదృష్టం. అంతలో స్థానికులు కొందరు అజింకూర్ ప్రభువు వెంట సామాను బళ్ల మీద పడ్డారన్న కబురు వచ్చింది. ఎదురుగా ఫ్రెంచి మూడో వరస మళ్లీ కదులుతున్నట్టు కనిపించింది. బందీలు వెనక నుంచి లేస్తే? హెన్రీ బందీల్ని చంపెయ్యమన్నాడు. పట్టుకున్నవాళ్లు కదల్లేదు. దయతో అనుకోనక్కర్లేదు, సొమ్ము పోతుంది కదా. రాజు ఒక పెద్దమనిషికి రెండు వందల మంది విలుకాండ్రను అప్పగించి ఆ పని చేయించాడు.

లానోయ్ మోకాలికీ తలకూ దెబ్బలు తగిలి, మరో పదిమందితో ఒక ఇంట్లో పడి ఉన్నాడు. ఆ ఇంటికి నిప్పు పెట్టారు. నాలుగు కాళ్ల మీద పాకుతూ బయటపడ్డాడు. మళ్లీ పట్టుకున్నారు. చేతులు మారి చివరికి సర్ జాన్ కార్న్‌వాల్‌కు అమ్ముడుపోయాడు. నవలలో నిక్ హుక్ సేవించే ప్రభువు ఈయనే. బ్రబాంట్ డ్యూక్ ఆంట్వాన్ సంగతి ఇంకా ఘోరం. ఆలస్యంగా పరుగున వచ్చి, సొంత కవచం వెంట లేక, ఎవరిదో కవచం తొడుక్కుని, బాకా ఊదేవాడి బాకాకున్న జెండా గుడ్డకు చిల్లు చేసి మెడలో వేసుకుని యుద్ధంలో దూకాడు. పట్టుబడ్డాడు. ఆ అవతారంలో ఉన్నవాడు డ్యూకు అని ఎవరూ పోల్చలేదు. మామూలు బందీలతో పాటే పోయాడు. ఓర్లియాన్ డ్యూక్ షార్ల్ మాత్రం శవాల కింద ప్రాణాలతో దొరికాడు. ఇంగ్లండులో పాతికేళ్లు బందీగా ఉండి, కవిత్వం రాసుకుని, 1440లో విడుదలయ్యాడు.

సాయంత్రం హెన్రీ ఫ్రెంచి వార్తాహరుణ్ణి పిలిచి, ఆ కనబడే కోట పేరేమిటని అడిగాడు. అజింకూర్ అన్నాడతను. యుద్ధానికి ఆ పేరే ఖాయం చేశాడు రాజు.

ఆనాటి పంతొమ్మిదేళ్ల కుర్రాడూ, పదిహేనేళ్ల కుర్రాడూ తర్వాత బుర్గుండీ ప్రభువు నీడలో బతికారు. లె ఫెవ్ర్ ఆ దొర కొలువులో పెద్ద వార్తాహరుడయ్యాడు. తండ్రిని ఇంగ్లిషువాళ్ల చేతిలో పోగొట్టుకున్న వావ్రాన్ తొమ్మిదేళ్లు తిరక్కుండానే వెర్నోయ్ యుద్ధంలో ఇంగ్లిషువాళ్ల పక్కన నిలబడి పోరాడాడు. ముసలితనంలో ఇద్దరూ చరిత్ర రాశారు. అజింకూర్ ఘట్టం ఇద్దరి పుస్తకాల్లోనూ చాలాచోట్ల మాటకు మాట సరిపోతుంది. ఎదురెదురు వరసల్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు ముసలివాళ్లయి, జ్ఞాపకాలు సరిచూసుకుని ఉంటారు.

1417లో హెన్రీ మళ్లీ ఫ్రాన్సు మీదికి సిద్ధమవుతూ, తన జిల్లాల అధికారులకు తాఖీదు పంపాడు: ప్రతి పెద్దబాతు రెక్కల నుంచి ఆరేసి ఈకలు పీకి పంపండి. అమ్ముల వెనక కట్టడానికి. నాటకకర్త మరిచిపోయినా రాజు మరవలేదు, తనను గెలిపించింది ఎవరో.

అయినా జీతాల దగ్గర రాజు చెయ్యి బిగుసుకుంది. మొదటి మూడు నెలలకు డబ్బు ఇచ్చాడు. తర్వాతి మూడు నెలల జీతాలకు దండనాయకుల దగ్గర కిరీటపు నగలు తాకట్టు పెట్టాడు. వాటిలో కొన్ని అతని కొడుకు పాలన వచ్చేదాకా విడిపించనేలేదు. అక్టోబరు 29కి దండు కలే చేరింది. రాజుకు స్వాగతం దొరికింది. బంట్లను ఊళ్లోకి రానివ్వడానికి పట్నంవాళ్లు వెనకాడారు, తిండి చాలదని. గోడ బయట నిలబడ్డ విలుకాండ్రు ఆకలికి తాళలేక దోపిడీ సామానూ, ప్రాణాలకు తెగించి పట్టుకున్న బందీల్నీ రొట్టెల కోసం అగ్గువకు తెగనమ్ముకున్నారు. నవంబరు 23న లండన్‌లో రాజుకు జరిగిన ఊరేగింపు మీద పేజీలకు పేజీలున్నాయి. కలే గోడ బయటి ఆ బేరం మీద రెండు మూడు వాక్యాలే. ఆ బేరం మీద ఎవరైనా మంచి నవల రాస్తే, అచ్చయిన రోజే కొంటాను.